నలిగిన రెల్లు, కాలిన కాయిల్



ఈ వారం ధ్యానానికి ముందు ఒక చెక్కపెట్టె గురించి చెప్పాలి. మా మందిరంలో ప్రసంగపీఠానికి ఎడమ పక్క గోడకు అది వేలాడుతోంది. అందులో ఎనిమిది అంగుళాల కోన్ స్పీకర్లు రెండు ఉన్నాయి. మాకు ముందు ఈ సంఘాన్ని కాసిన పెద్ద పాస్టరు గారు టెక్కలిలో ఎవరి దగ్గరో పాతది కొని, బస్సు టాపు మీద వేసుకొని తెచ్చారని చెబుతారు. మేము ఈ ఊరికి వచ్చేసరికే అది ముసలిది. అయినా ఇరవై ముప్పై కుటుంబాల సంఘానికి ఆ గొంతు సరిపోయేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ప్రాంతం వాళ్లకు ఆ తేదీ గుర్తు చేయనక్కరలేదు. దూరాన ఉండి చదివేవారి కోసం చెబుతున్నాము. ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు ఉంటాయి. తాతలు నాటిన చెట్లు ఆ ఒక్క పూటలో నేలకొరిగాయి. మా మందిరం రేకులు లేచి తోటలో పడ్డాయి. చెక్కపెట్టె గోడ నుంచి ఊడి బోర్లా పడి, రెండు రోజులు వానలో, ఉప్పుగాలిలో నానింది.

ఆ రోజుల్లో మాకు సాయం చేసిన వారిలో ఎదురింటాయన ఒకరు. ఆయన మా సంఘస్థుడు కారు. ఆయన భార్య మాత్రం ఆదివారం ఆరాధనకు వచ్చేవారు. తన తోటే పడిపోయి ఉంటే, అందులోని కొబ్బరి మానులు నాలుగు దూలాలకు ఇచ్చి, నిచ్చెన పట్టుకొని నిలబడి మాకు రేకులు ఎక్కించారు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. ఈ సంగతి మేము తర్వాత మరచిపోయాము. అందుకే ముందుగా ఇక్కడ రాస్తున్నాము.

తడిసిన పెట్టెను సామాన్ల గదిలో పడేశాము. విశ్వాసులు కానుకలు వేయగా ఒక ఆంప్లిఫయరు, రెండు బాకాలు కొన్నాము. వాటిని పైకప్పు మీద ఊరి వైపు తిప్పి కట్టాము. మొదటి రోజు పాట పెడితే జీడితోట చివర కాపలా ఉన్నవారికి కూడా వినబడింది. సువార్త ఇప్పుడు కదా ఊరంతా వెళ్తోంది అని సంతోషించాము.

తర్వాతి సంవత్సరాల్లో ఎదురింటాయనకు కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఈ మాట చాలా ఇళ్ల గడప దాటింది. ఎన్నో పరిశోధనలు జరిగినా, కారణం ఇదీ అని నేటికీ తేలని జబ్బు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు నుంచీ మా వాళ్లు డయాలసిస్ కోసం పలాస, సోంపేట, టెక్కలి తిరుగుతూనే ఉన్నారు. ఎక్కించిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. ఇంటికొచ్చాక ఒళ్లంతా నీరసం. రాత్రి కాళ్లు పీకి, ఒంటికి దురద పెట్టి నిద్ర పట్టదు.

ఒక శ్రమకాలంలో నలభై రోజులూ తెల్లవారుజామున అయిదింటికి ప్రార్థన పెట్టాము. వారం తిరక్కముందే ఆయన మా గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రాలేదు.

"అయ్యగారూ, ఏటీ అనుకోకండి. రాత్రంతా నిద్దర ఉండదు. తెల్లారగట్ల కాస్త కన్ను మూతపడతాది. అప్పుడే మీ మైకు లేస్తాది. కొంచెం తగ్గించగలరేటి?"

చూస్తాములెండి అన్నాము. తగ్గించలేదు. రెండోసారి భార్యతో చెప్పించారు. ఆ ఆదివారం ప్రసంగంలో, సువార్తకు అడ్డుపడే వారి గురించి గట్టిగా మాట్లాడాము. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు, బాకాలు ఆయన ఇంటి వైపే ఉన్నాయి. ఆమె తల దించుకొని కూర్చున్నారు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ప్రియులారా, ఇది దాచుకోగలిగిన పాపమే. కానీ సాక్ష్యం అంటే మన విజయాలు మాత్రమే రాసేదైతే దానిలో దేవునికి చోటు తక్కువ.

శుభ శుక్రవారం నాడు జనం ఎక్కువగా ఉన్నారని ఆంప్లిఫయరు మీట చివరి దాకా తిప్పాము. సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోది చెబుతుండగా ఒక బాకా గరగరలాడి ఆగిపోయింది. రెండోది ఇంకాసేపు కీచుమని, అదీ ఆగిపోయింది. ఎంత తిప్పినా ఏమీ రాలేదు.

కాశీబుగ్గలో జీడిపప్పు వాసన వచ్చే ఒక వీధిలో పాత మెకానిక్ గారున్నారు. అందరూ మాస్టారు అంటారు. రేడియోల కాలం నుంచి ఆ చిన్న గదిలోనే కూర్చుని పని చేస్తున్నారు. బాకాల వెనక ఉండే యూనిట్లు విప్పించి ఆయన దగ్గరకు తీసుకెళ్లాము. వెనక మూత తీసి పలుచని డయాఫ్రం బయటకు లాగారు. దాని అంచుకు చుట్టిన రాగి కాయిల్ మాడి నల్లగా అయ్యింది.

"అయ్యగారూ, పిడుగు పడలేదు, నీరు దిగలేదు. గొంతు పెంచి కాల్చినారు" అన్నారు.

ఆ రోజు ఆయన చెప్పిన పాఠం మా సెమినరీలో ఎవరూ చెప్పలేదు. స్పీకరుకు పంపిన కరెంటులో శబ్దంగా మారేది చాలా తక్కువ. మామూలు కోన్ స్పీకరుకు వంద వాట్లు పంపితే ఒకటి రెండు వాట్లే శబ్దమవుతాయి, తక్కినదంతా వేడి. బాకా అయితే కొంత నయం, అయినా అందులోనూ ఎక్కువ భాగం వేడే. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి అది కొద్ది తేడాయే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్ల పవరు కావాలి. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తిప్పితే శబ్దపు అల పైభాగం కత్తితో కోసినట్టు చదునవుతుంది. అప్పుడు మాట అర్థం కాదు, వేడి మాత్రం ఇంకా పెరుగుతుంది.

మేము పలాస నుంచి వచ్చే బస్సులో ఆ మాటే ఆలోచిస్తూ వచ్చాము. చివరి దాకా తిప్పిన ఆ నలభై రోజుల్లో మా నుంచి వెళ్లిన వాక్యం ఎంత? వేడి ఎంత?

బాకాల డయాఫ్రంలు తయారుగా దొరుకుతాయి, మార్చేస్తాను, కానీ ముందు మీ దగ్గర అంతకుముందు ఏముండేదో అది తీసుకురండి అన్నారు మాస్టారు. చెక్కపెట్టె తీసుకెళ్లాము. లోపల చెదలు, తుప్పు, ఎలుక లాక్కొచ్చిన కొబ్బరి పీచు. ఒక స్పీకరు కోన్ చిరిగింది. రెండోదాని కోన్ అట్టలా ఉబ్బి పొరలు విడిచింది. మేమైతే పాతసామాన్ల వాడికి వేసేవాళ్లం. మాస్టారు మాత్రం వెనక అయస్కాంతం చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు. అది ఆల్నికో అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు ఇనుముతో కలిపి చేసేది కనుక ఆ పేరు.

"ఇవి చచ్చిపోలేదు. దెబ్బ తిన్నాయి. తేడా ఉంది" అన్నారు.

ఆయన కళ్లు సరిగ్గా కనబడవు, చేతులు మావి కావాలి. అలా ప్రతి సోమవారం ఆయన దగ్గర కూర్చొని పని నేర్చుకున్నాము.

మొదట మల్టీమీటరు పెట్టి చూశాము. ఎనిమిది ఓంల స్పీకరు కాయిల్ బాగుంటే మీటరు ఆరు ఏడు ఓంల దగ్గర ఆగుతుంది. మొదటిదానిలో ఆగింది, రెండోదానిలో ముల్లు కదలలేదు. మొదటిదాని కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా మెల్లగా నొక్కితే లోపల గరగరమని రాసుకుంది. అయస్కాంతం నడుమ కాయిల్ కదిలే సందు సుమారు ఒక మిల్లీమీటరు. ఆ సందులో తుప్పు చేరింది, కాయిల్ పక్కకు ఒరిగింది. మేము ఉఫ్ అని ఊదబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. తుప్పు రవ్వలు ఇనుమే కనుక ఊదితే పోవు, ఇంకా లోపలికి దిగి అతుక్కుంటాయి. సన్నని అట్టముక్కకు టేపు జిగురు వైపు బయటకు వచ్చేలా చుట్టి, సందులోకి దించి, మెల్లగా తీయాలి. ప్రతిసారీ కొత్త టేపు. మూడు సోమవారాలు అదే పని. విసుగొచ్చి, అయస్కాంతం విప్పి ఒక్కసారే కడిగేద్దామా అని అడిగాము. ఆల్నికోను విప్పితే దాని బలం చాలావరకు పోతుందని, మళ్లీ అయస్కాంతంగా చేసే యంత్రం తన దగ్గర లేదని చెప్పారు. కొన్నిటిని విప్పదీసి బాగుచేయలేము. వాటిని ఉన్నచోటనే ఉంచి శుభ్రం చేయాలి.

కోన్ చిరుగుకు గాలిపటం కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్. ఎక్కువ రాస్తే కోన్ బరువెక్కి గొంతు మారిపోతుంది. రెండోదానికి కొత్త కోన్ కావలసి వచ్చింది. కాలిన కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టి రాసుకున్నాము. అదే మందం ఎనామిల్ రాగి తీగను, అన్నే చుట్లు, రెండు వరుసలుగా చుట్టాము. మొదటిసారి చుట్టినది ఎగుడుదిగుడుగా వచ్చింది, విప్పేశాము. మూడోసారికి మాస్టారు తల ఊపారు.

ఇక అసలు పని మిగిలింది. కాయిల్‌ను ఆ సందులో సరిగ్గా నడుమ నిలబెట్టి అతికించాలి. అటూ ఇటూ వెంట్రుకంత తేడా వచ్చినా రాసుకుంటుంది. దానికి నడిమి ఇనుప కడ్డీకి, కాయిల్‌కు మధ్య చుట్టూరా సమానమైన పలుచని పట్టీలు దూర్చాలి. కాగితమైతే నలుగుతుంది, రేకు అయితే అయస్కాంతం లాగుతుంది.

"ఎక్స్‌రే ఫిలిం బాగుంటాది. మీ ఉద్దానంలో దానికి కరువేటి" అన్నారు మాస్టారు. ఆయన వెటకారానికి అనలేదు.

మా ఇంట్లో ఎక్స్‌రే లేదు. విశ్వాసుల ఇళ్లు రెండు అడిగాము. తుపానులో తడిసి అంటుకుపోయాయన్నారు ఒకరు, పారేశామన్నారు మరొకరు. ఎదురింట్లో ఉంటుందని మాకు ముందు నుంచీ తెలుసు. తెలిసే ఆ గుమ్మం తప్ప మిగిలినవి తిరిగాము. చివరికి ఒక సాయంత్రం వెళ్లాము. మూడు నెలలకు పైగా తొక్కని గడప అది. ఆయన అరుగు మీద పడుకొని ఉన్నారు. చేతి మీద డయాలసిస్ సూదుల మచ్చలు. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు.

ఫిలిం సంగతి ఎత్తలేకపోయాము. ముందు క్షమాపణ అడిగాము. మేము ప్రసంగపీఠం మీద నుంచి అన్న మాట తప్పని, అది ఆయనను ఉద్దేశించే అన్నామని ఒప్పుకున్నాము. ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూశారు.

"నాను మీ దేవుడిని ఏటీ అనలేదండి. నిద్దర అడిగినాను, అంతే."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తర్వాత ఫిలిం సంగతి చెబితే ఆయనకు మొదటిసారి నవ్వొచ్చింది. లోపల నుంచి కవరు తెప్పించి ఒక పాత ఛాతీ ఎక్స్‌రే ఇచ్చారు. "ఇది జబ్బు తెలియని రోజులది. ఇప్పుడు దాంతో పనేటి, తీసుకోండి" అన్నారు.

ఆ ఫిలింను సన్నగా నాలుగు పట్టీలు కోసి, కాయిల్ లోపల నాలుగు వైపులా దూర్చాము. కాయిల్ నిటారుగా నడిమధ్య నిలబడింది. అంచులకు జిగురు రాసి ఒక రోజంతా కదపకుండా ఉంచాము. ఆరాక పట్టీలు ఒక్కొక్కటే లాగేసి, నడుమ దుమ్ము పడకుండా చిన్న టోపీ అతికించాము. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఆనిస్తే స్పీకరు టక్ మంది. మేము చిన్నపిల్లల్లా మళ్లీ ఆనించాము. మళ్లీ టక్ మంది.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాము. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యాకోబు, యోహాను తండ్రితో కలిసి పడవలో వలలు బాగుచేసుకుంటూ ఉండగా ప్రభువు పిలిచాడు. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, తప్పులో చిక్కుకున్న సహోదరుణ్ణి సాత్వికమైన మనసుతో తిరిగి సరిచేయమని పౌలు చెబుతాడు. ఈ రెండు చోట్లా గ్రీకు మూలంలో ఉన్న క్రియ ఒకటే, కతార్తీజో. తెగినదాన్ని మళ్లీ పనికొచ్చేలా అమర్చడం అని దాని భావం. మంచినీళ్లపేటలోనో భావనపాడులోనో వల బాగుచేసే వారిని చూడండి. వాళ్లు వలను తిట్టరు, లాగరు. ఒళ్లో వేసుకొని ఒక్కొక్క కన్ను వెతుక్కుంటూ ముడి వేస్తారు. మేము ఎన్నో ఏళ్లుగా ఆ వచనం మీద ప్రసంగించాము. మేమే ఆ తప్పులో చిక్కుకున్న సహోదరుడమని, మమ్మల్ని సాత్వికంగా సరిచేసినవాడు మా సంఘపు పుస్తకంలో పేరు లేని మనిషని అప్పుడు తెలిసింది.

యెషయా 42వ అధ్యాయంలో రాబోయే సేవకుణ్ణి గురించి ప్రవక్త రెండు సంగతులు పక్కపక్కనే చెప్పాడు. ఆయన వీధిలో తన గొంతు హెచ్చించడు. నలిగిన రెల్లును విరవడు. మేము రెండో సంగతిని ఎన్నోసార్లు బోధించాము. దాని ముందున్న మొదటిదాన్ని పైకి చదివి దాటేసేవాళ్లం. ఈ రెండింటికీ సంబంధం ఉంది. వీధిలో గొంతు హెచ్చించే వాడికి కాలి కింద నలిగిన రెల్లు కనబడదు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటకు వినబడేలా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. మా అయిదు గంటల ప్రార్థన ఆ నలభై రోజులూ చట్టానికి బయటే ఉంది. అదే సంవత్సరం ఆగస్టు 30న చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘం విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని తేల్చింది. లోకస్థులు మనకు చెప్పేదేమిటి అనుకునేవారు ఆ తీర్పు చదవాలి. మనం మన బైబిలులోనే చదువుకోవలసిన పాఠం న్యాయస్థానం నుంచి విన్నాము.

లౌడ్‌స్పీకరును తప్పు పట్టడం లేదు. జెన్‌సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు అమెరికాలో కాయిల్ కదిలే స్పీకరును బాకాకు బిగించి, 1915 క్రిస్మస్ ముందు రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద జనసమూహానికి పాటలు వినిపించారు. ఆ యంత్రం తొలి రోజుల్లోనే క్రిస్మస్ పాట పలికింది. అది మంచిదే. అయితే మన శ్రీకాకుళం, పర్లాకిమిడి ప్రాంతాల్లో తిరిగి కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన పాటలకు ఏ బాకా సాయం లేదు. నోటి నుంచి నోటికి, ఇంటి నుంచి ఇంటికి నడిచి మన దాకా వచ్చాయి.

ఇప్పుడు పెట్టె మందిరం లోపల, విశ్వాసుల వైపే తిరిగి ఉంది. బాకాలు బాగయ్యాయి, కానీ కిందికి దించేశాము, పండుగ ఊరేగింపుకు మాత్రమే బయటకు తీస్తాము. తెల్లవారుజాము ప్రార్థన మైకు లేకుండా జరుగుతోంది. మొదటి స్పీకరు గొంతు బాగా వస్తుంది. రెండోది పూర్తిగా బాగుపడలేదు. సందులో ఎక్కడో తుప్పు మిగిలింది. మెల్లగా పెడితే చక్కగా పాడుతుంది, మీట సగం దాటితే గరగరమంటుంది. మళ్లీ విప్పుదామా అని అడిగితే మాస్టారు వద్దన్నారు. మేమూ బలవంతం చేయలేదు. మా చెయ్యి మీట మీద సగం దాటబోయినప్పుడల్లా అది మమ్మల్ని హెచ్చరిస్తోంది.

ఎదురింటమ్మ నాలుగు వారాలుగా మళ్లీ వస్తున్నారు. వెనక వరుసలో కూర్చుంటున్నారు. మేము ఏమీ అడగలేదు. ఆయన వారానికి రెండుసార్లు పలాస వెళ్లి వస్తున్నారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అరుగు మీద నుంచి కేక వేశారు.

"అయ్యగారూ, మరీ ఇంత తగ్గించేసినారేటి? పాట వినబడదు."

లోపలికి రండి, వినబడుతుంది అన్నాము. ఆయన నవ్వి చెయ్యి ఊపారు. రాలేదు. ఆ రోజు నుంచి ఆరాధన సమయంలో ఆయన ఇంటి వైపు కిటికీ రెక్క తెరిచి ఉంచుతున్నాము.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా గొంతు వల్ల నలిగిన వారిని మాకు చూపించు. వారి గుమ్మానికి వెళ్లే ధైర్యం ఇవ్వు. మమ్మల్ని పారవేయక, ఓపికతో బాగుచేస్తున్న నీ చేతికి స్తోత్రము. డయాలసిస్ మంచాల మీద ఉన్న ఉద్దానం బిడ్డలకు ఈ రాత్రి నిద్ర అనుగ్రహించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.